బటన్ మీద నాలుగు సెకన్లు

మధ్యాహ్నం రెండు గంటల లోపు చెయ్యవలసిన పనులు:

స్టేషనుకు వెళ్ళి రత్నబాబును చూడాలి. ముందుగా అతని చేతులు చూడాలి.

కారు ఎంత దూరం కదిలిందో కొలవాలి. ఎవరో చెప్పిన దూరం కాదు, టేపు పెట్టి.

బటన్‌కు వెళ్ళే సన్న వైరు ఎక్కడ బయలుదేరిందో కంటితో చూడాలి.

పూజ జరిగిన పది నిమిషాలూ ఎవరెక్కడ నిలబడ్డారో అడగాలి.

యలమంద పెళ్ళాం అన్నం తిన్నదో లేదో కనుక్కోవాలి.

కోపం తెచ్చుకోకూడదు.

బెజవాడ నుంచి వచ్చే మొదటి బస్సులో, మోకాలి మీద నోటుబుక్కు పెట్టుకుని సాంబయ్య రాసుకున్న ఈ ఆరు పనుల్లో చివరిది స్టేషను గడపలోనే చెడిపోయింది.

జరిగింది ఇదీ. నలభై ఎనిమిది జూన్ నెల. నూజివీడుకు ఐదు మైళ్ళ దూరంలో మామిళ్ళపాడు. నిన్న గురువారం పొద్దున పదీ ఇరవైకి, మామిడికాయల వర్తకుడు గంగాధరం షెడ్డులో, హ్యాండిల్ తిప్పే పని లేకుండా నొక్కితే ఇంజను తిరిగేలా పాత కారుకు కొత్తగా పెట్టించిన సెల్ఫ్ బటన్‌కు పూజ చేస్తున్నారు. డ్రైవరు లేడు, తాళం చెవి లేదు. ఉన్నట్టుండి కారు ముందుకు నడిచి, చక్రాల కింద నిమ్మకాయలు పెడుతున్న యలమందను గోడకేసి అదిమేసింది. యలమంద ఎవరంటే, పన్నెండేళ్ళుగా ఆ కారుకు హ్యాండిల్ తిప్పే మనిషి. బటన్ కట్టిన మెకానిక్ రత్నబాబు. 'వైరు తప్పు కట్టాడు, మనిషి చచ్చాడు' అని సబిన్‌స్పెక్టరు నారాయణరావు మధ్యాహ్నం భోజనానికి ముందే కేసు తేల్చేశాడు. ఈ రోజు రెండు గంటలకు నూజివీడులో మేజిస్ట్రేటు ముందు రత్నబాబు నేరం ఒప్పుకోబోతున్నాడు. ఆ ఒక్క మాట అతని నోటి నుంచి వచ్చిందంటే, ఇక ఆ కారు వైపు తొంగిచూసే నాథుడుండడు.

అతని భార్య లేయా నిన్న సాయంత్రం బెజవాడ వచ్చి, సాంబయ్య గుమ్మంలో నిలబడి ఒక్కటే మాట అంది. "మా ఆయన తప్పులు చెయ్యడని నేననటం లేదండి. ఈ తప్పు చెయ్యడు."

గుమ్మం మీది బోర్డులో 'సాంబయ్య, బి.ఏ., ప్రైవేటు డిటెక్టివ్' అని ఉంటుంది. బి.ఏ. మాట అటుంచి, ఆ వంశంలో సంతకం నేర్చిన మొదటివాడే అతడు. తల్లి రేవులో బట్టలుతికి చదివించింది. ఆ బోర్డును అందుకే అతడు రోజూ తుడుస్తాడు.

లాకప్పులో రత్నబాబు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కుడి చేతి నాలుగు వేళ్ళూ వాచిపోయి గోళ్ళ కింద నల్లబడ్డాయి. యుద్ధంలో నాలుగేళ్ళు మిలిటరీ లారీలు బాగుచేసిన చెయ్యి అది.

"ఎవరు కొట్టారు?"

"తలుపు సందులో పడ్డాయండి."

"నాలుగూ ఒకేసారి పడ్డాయా?"

వరండాలో కానిస్టేబులు గట్టిగా దగ్గాడు. సాంబయ్యకు చెవులు వేడెక్కాయి. జాబితాలో ఆరోదాన్ని మనసులోనే కొట్టేసి, నేల మీద అతని ఎదురుగా బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు.

"టైములు చెప్పు. పని ఎప్పుడయింది?"

"నిన్న పొద్దున్న ఎనిమిదింటికండి. గంగాధరం గారికి చూపించాను. తాళం చెవి తిప్పి నొక్కితే సెల్ఫు తిరిగింది. చెవి తీసేసి పదిసార్లు నొక్కాను, కిక్కురుమనలేదు. చెవి ఆయన చేతిలో పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి వచ్చేశానండి."

"బటన్‌కి కరెంటు ఎక్కణ్ణుంచి తీసుకున్నావు?"

"తాళం దగ్గర్నుంచండి. చెవి తిప్పితేగాని ఆ స్క్రూకి కరెంటు రాదు. బ్యాటరీ నుంచి తిన్నగా ఇచ్చామనుకోండి, పసిపిల్ల నొక్కినా బండి గెంతుద్ది. మిలిట్రీలో మాకు మొదటిరోజు చెప్పే పాఠమే అది. వైరు కొసలన్నిటికీ టంకం వేశానండి. చేత్తో మెలేసి వదిలేసే రకాన్ని కాదు నేను."

"పని చేస్తుంటే ఎవరన్నా దగ్గరున్నారా?"

"వెంకటరమణ గారు, గంగాధరం గారి బావమరిది. మూడు రోజులూ స్టూలేసుకుని కూర్చున్నారు. ఈ వైరు ఎందుకు, ఆ వైరు తీస్తే ఏమవుద్ది అని అడిగారు. మా పని గురించి అడిగేవాళ్ళు ఎవరుంటారండీ? సంబరపడిపోయి అన్నీ చెప్పాను."

"మరి రెండింటికి ఒప్పుకుంటానన్నావట?"

రత్నబాబు గొంతు దిగిపోయింది. "లేదంటే లేయాని కూడా తీసుకొస్తామన్నారండి. ఇదే గదిలో."

సాంబయ్య లేచి తిన్నగా ముందు గదిలోకి నడిచాడు. నారాయణరావు కుర్చీలో వెనక్కి వాలి, చిన్నరసం మామిడిపండు జుర్రుకుంటున్నాడు. టెంకను వేస్టుబుట్టలో వేసి, వేళ్ళు నాక్కుని, అప్పుడు తలెత్తాడు.

"ప్రైవేటు డిటెక్టివా? మా ఊళ్ళో ప్రైవేటంటే ట్యూషనే తెలుసు. ఏ క్లాసు వరకు చెబుతావు?"

"ఇనస్పెక్టరు గారూ, ఆ మనిషి వేళ్ళు విరిగాయి. డాక్టర్ని పిలిపించండి."

"ఏ చెట్టు మీద నుంచి పడ్డాడో!"

"తలుపు సందులో పడ్డాయని మీరు నేర్పిన మాట. మీరే మర్చిపోతే ఎలా?"

నారాయణరావు నవ్వు ఆగింది. "ఏంటి, గొంతు లేస్తోంది? నీ సంగతి నాకు తెలుసోయ్. మీ అమ్మ ఏ రేవులో ఉతికేదో కూడా తెలుసు. బి.ఏ. చదివినంత మాత్రాన చాకలాడు దొర అయిపోడు."

"అవడు. ఎవరి మురికి ఎంతో మాత్రం తెలుస్తుంది." సాంబయ్య బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు. "నేను షెడ్డు చూస్తాను. యజమాని రమ్మంటే అడ్డుకునే హక్కు మీకు లేదు. రెండు గంటల లోపు ఆ మనిషి మీద ఇంకో దెబ్బ పడితే, అది మేజిస్ట్రేటుకు చూపించే దెబ్బ అవుతుంది."

షెడ్డు చేరేసరికి పదిన్నర. గంగాధరం ఎదురొచ్చాడు. పెద్ద వర్తకుడే, కాని రాత్రంతా నిద్రలేక మొహం పీక్కుపోయి ఉంది. పక్కన అతని తల్లి సుబ్బాయమ్మ, డెబ్భై దాటిన మనిషి, కర్ర పట్టుకుని నిటారుగా నిలబడి ఉంది. కొంచెం ఎడంగా కిళ్ళీ నములుతూ వెంకటరమణ. పాతికేళ్ళుంటాయి. పట్టు జుబ్బా, కాలరు చుట్టూ చెమటకు కట్టుకున్న చేతిరుమాలు.

"చూడండి బాబూ, ఏం కావాలంటే అది చూడండి. యలమంద మా ఇంటి మనిషి," అన్నాడు గంగాధరం.

"ఏముంది బావా చూడ్డానికి? ఆ మెకానిక్‌గాడి పాపం పండింది," అన్నాడు వెంకటరమణ.

సాంబయ్య జవాబివ్వకుండా పని మొదలుపెట్టాడు.

కారు ముక్కు ఇటుకగోడ వైపు ఉంది. ఎప్పుడూ నిలిపే చోట నేలలో టైర్ల గుంటలు పడ్డాయి. నిన్న మనిషిని బయటికి లాగాక కారును నెట్టి మళ్ళీ ఆ గుంటల్లోనే నిలిపారు. అక్కడ నుంచి గోడ మీద బంపరు గుద్దిన గుర్తు దాకా టేపు పట్టాడు. నాలుగు అడుగుల ఒక అంగుళం.

కుడి పక్క, అంటే స్టీరింగు వైపు, మామిడికాయల గంపలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. గంపలకూ కారుకూ మధ్య సందు అడుగున్నర. టాపు వేసి, పక్క తెరలు దించి ఉండటంతో ముందు నిలబడ్డవాళ్ళకు ఆ సందులో ఎవరున్నదీ కనిపించదు. సాంబయ్య వీపు రాసుకుంటూ అందులోకి దూరి, తలుపు తెరిచి, స్టీరింగు కింద వెల్లకిలా పడుకుని టార్చి వేశాడు.

తాళం వెనక స్క్రూకు ఒక వైరు ముక్క ఉంది. బొటనవేలు గోరంత ముక్క. ఒక కొసకు నున్నటి టంకం, రెండో కొస కటింగ్ ప్లేయరుతో కొరికినట్టు తెగి ఉంది. అదే రంగు వైరు బటన్ వెనక నుంచి వచ్చి, బ్యాటరీ కరెంటు నేరుగా వచ్చే పక్క స్క్రూకు చుట్టి ఉంది. టంకం లేదు. చేత్తో నాలుగు మెలికలు, అంతే.

బయటికొచ్చి గంగాధరాన్ని పిలిచి చూపించాడు. "కట్టినవాడు టంకం వేశాడు. మార్చినవాడికి టంకం వెయ్యడం రాదు. ఎనిమిదింటికి చెవి లేకుండా నొక్కితే బటన్ పలకలేదు కదా?"

"పలకలేదండి. నేనే నొక్కి చూశాను."

"పదీ ఇరవైకి పలికింది. మధ్యలో ఎవరో ఆ తెర వెనక పని చేశారు. గేరు కూడా న్యూట్రల్ నుంచి ఫస్టులోకి వచ్చింది. ఇంతకీ ఈ బటన్ పెట్టించాలన్న ఆలోచన ఎవరిదండీ?"

"మా బావమరిదిదేనండి. వారానికి రెండుసార్లు కాయలేసుకుని తిరువూరు వైపు వెళ్తాడు. ఎక్కడాపినా హ్యాండిల్ తిప్పడానికి యలమందను వెంటబెట్టుకోవాల్సి వస్తోంది, బటన్ ఉంటే నేనొక్కణ్ణే వెళ్ళొస్తాను బావా అన్నాడు. సరే అన్నాను."

వెనక సీటు తీసిన చోట, గంపల గుండ్రటి మరకల మధ్య, చెక్క మీద నాలుగు పలకల తుప్పు గుర్తులు కనిపించాయి. చదరంగా, డబ్బా అడుగు సైజులో. సాంబయ్య వంగి వాసన చూశాడు. మామిడి సొన వాసన కాదు అది. నోటుబుక్కులో రాసుకుని ఊరుకున్నాడు.

"ఇప్పుడు ఒక పరీక్ష. ఎవరూ కారు ముందు నిలబడకండి." వాచీ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. "గంగాధరం గారూ, చెవి మీ మొలలోనే ఉండనివ్వండి. ఫస్టు గేరు వేసి బటన్ నొక్కి పట్టుకోండి. నేను చాలన్నప్పుడు తీసెయ్యండి."

గంగాధరం నొక్కాడు. ఇంజను అంటుకోలేదు. సెల్ఫు మోటారు ఒక్కటే మూలుగుతూ, బరువు మోస్తున్న ఎద్దులా కారును గోడ వైపు లాక్కుపోయింది. గభాలున దూకలేదు. నెమ్మదిగా, ఆగకుండా.

"ఒకటి. రెండు. మూడు. చాలు!"

వేలు తీయగానే కారు ఆగింది. బంపరుకూ గోడకూ మధ్య పదమూడు అంగుళాలు మిగిలాయి.

సుబ్బాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడే బయట జీపు ఆగింది. నారాయణరావు లాఠీ ఊపుకుంటూ వచ్చాడు. "ఏంటీ సర్కస్? వైరు సరిగ్గా కట్టలేదు, అదే ఒకదానికొకటి తగులుకుంది, బండి కదిలింది. దీనికి వాచీలూ టేపులూ ఎందుకు?"

"తగులుకున్న వైరును విడదీసిందెవరు?" అన్నాడు సాంబయ్య.

"అంటే?"

"తనంతట తాను తగులుకున్న వైరు తనంతట తాను ఊడిరాదు. మనిషిని గోడకి నొక్కాక కూడా మోటారు మూలుగుతూనే ఉండాలి, బ్యాటరీ చచ్చేదాకా. గంగాధరం గారూ, నిన్న మీలో ఎవరన్నా బ్యాటరీ వైరు పీకారా?"

"లేదండి." గంగాధరం గోడ మీది గుర్తు వైపు చూశాడు. "వాడి అరుపు ఆగింది. బండీ ఆగింది."



"విన్నారా ఇనస్పెక్టరు గారూ? నాలుగు అడుగులకు నాలుగు సెకన్లు. పొరపాటున చెయ్యి తగిలినవాడైతే మొదటి కేకకే ఉలిక్కిపడి వేలు తీసేస్తాడు. వీడు తియ్యలేదు. యలమంద అరిచాడు. వీడు లెక్కపెడుతూ కూర్చున్నాడు. అరుపు ఆగాక తీశాడు. దీన్ని మీరు వైరు తప్పంటారు!" సాంబయ్య కారు తలుపు మీద గుద్దాడు. "ఆ తప్పుకి ఇంకొకడి వేళ్ళు విరగ్గొట్టారు!"

"నోరు అదుపులో పెట్టుకో!"

"పెట్టుకోను. ముందు నా ప్రశ్నలకు జవాబులు రానివ్వండి. అమ్మా, పూజ దగ్గర ఎవరెక్కడున్నారు?"

సుబ్బాయమ్మ కర్ర ఎత్తి చూపించింది. "నేనిక్కడ, గోడ పక్కన హారతి పళ్ళెం పట్టుకుని. అబ్బాయి ఆ ఎడం పక్క కొబ్బరికాయతో. యలమంద చక్రం ముందు వంగాడు. అంతకు ముందే నేను పసుపు తడిపి బటన్‌కీ, చక్రానికీ, బంపరుకీ పెట్టాను. నా చేత్తో నేనే పెట్టాను నాయనా, అప్పటికి పదీ పదిహేను."

"వెంకటరమణ గారూ, మీరు?"

"నేను గేటు దగ్గరున్నా. బండి దగ్గరికే రాలేదు. కేక విని పరిగెత్తుకొచ్చా."

"అదేంట్రా?" సుబ్బాయమ్మ తల తిప్పింది. "'నిమ్మకాయ ఇంకా లోపలికి జరుపు యలమందా, చక్రానికి ఎదురుగా' అన్నది నువ్వే కదా? నీ గొంతు గంపల వైపు నుంచే వినపడింది."

"గేటు దగ్గర్నుంచి అరిచాను అత్తమ్మా. నీకు చెవుడు."

"చెవుడు నాకు కాదు, మీ మావగారికి. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది."

వెంకటరమణ మొహం తుడుచుకోవడానికి మెడ దగ్గరి రుమాలు లాగాడు. దాని అంచు మీద అర్ధరూపాయంత ఎర్రటి మరక కనిపించింది. సాంబయ్య కళ్ళు అక్కడ ఆగాయి.

"ఏం మరక అది?"

"కిళ్ళీ మరక. ఎప్పుడూ చూళ్ళేదా?"

"చాలా చూశాను. కిళ్ళీ ఉమ్మి చుక్కలుగా పడుతుంది. ఇది వేలు తుడిచిన గీత. ఒకసారి ఇలా ఇవ్వండి. గంగాధరం గారూ, ఒక నిమ్మకాయ తెప్పించండి."

"నిమ్మకాయెందుకు? శాంతి చేస్తావా?" అన్నాడు నారాయణరావు. నవ్వింది మాత్రం ఒక్క వెంకటరమణే, అదీ సగం.

సాంబయ్య రుమాలును వెలుతురులో పట్టుకున్నాడు. "మా అమ్మ పెళ్ళివారి బట్టలు ఉతికేది. ఇంతకుముందే ఇనస్పెక్టరు గారు గుర్తుచేశారు. పసుపు అంటిన గుడ్డకు బట్టల సబ్బు తగిలితే నెత్తురులా ఎర్రబడుతుంది. ప్రతి ఆడమనిషికీ తెలుసు, ప్రతి చాకలికీ తెలుసు. బట్టల సబ్బు చేత్తో పట్టని మగవాళ్ళకే తెలియదు. ఎర్రబడ్డది చూసి, పోన్లే కిళ్ళీ మరకనుకుంటారులే అని ధీమా పడతారు. దీన్ని ఉతికినవాడికి జాడించడం కూడా రాదు. సబ్బు ఇంకా గుడ్డలోనే ఉంది."

నిమ్మకాయ వచ్చింది. సాంబయ్య పళ్ళతో కొరికి, మరక మీద పిండాడు.

ఎరుపు కళ్ళముందే విరిగింది. రసం పాకినంత మేరా మరక పచ్చగా, నిన్న తడిపిన పసుపంత పచ్చగా తిరిగింది.

"బండి దగ్గరికే రాలేదన్నారు," అన్నాడు సాంబయ్య. "ఈ పసుపు ఎక్కడ అంటింది? అంటితే అంటింది, పూజ ఇంట్లో పసుపు ఎవరికైనా అంటుతుంది. కిళ్ళీ అని ఎందుకు అబద్ధమాడారు?"

సుబ్బాయమ్మ కర్ర విసిరేసింది. "ఒరేయ్, నా కోడలి తమ్ముడివని పదేళ్ళు నా చేత్తో అన్నం పెట్టాను కదరా! వాణ్ణి చంపడానికి నా చేత పసుపు పెట్టించావట్రా?"

"ఊరికే భయపెడదామనుకున్నానంతే!" వెంకటరమణ వెనక్కి వెనక్కి నడిచాడు. "బావా, ఒట్టు... ఎస్సై గారూ, మీరు చెప్పరేంటండీ! మీరే కదా..."

నారాయణరావు లాఠీ అతని దవడ మీద పడింది. "నోర్ముయ్! వెధవా!" మరుక్షణం సాంబయ్య చేతిలోని రుమాలు లాక్కుని జేబులో పెట్టుకున్నాడు. "ముద్దాయిని నేను తీసుకెళ్తున్నా. ఇది సాక్ష్యం, ఇదీ నా దగ్గరే ఉంటుంది. నీ పని అయిపోయింది బి.ఏ. గారూ, ఇక బస్సెక్కు."

"రత్నబాబును వదిలేస్తున్నారా మరి?"

"అది కోర్టులో తేలుద్ది."

జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది. 'మీరే కదా' అన్న రెండు మాటలు సాంబయ్య చెవిలో ముల్లులా గుచ్చుకున్నాయి. గెలిచిన చోటే తన చేతిలోది పోగొట్టుకున్నాడు. తన మీద తనకే మండుకొచ్చింది. సాక్షులుగా నిలబడే పంచాయతీదార్ల సంతకాలు లేకుండా ఆ గుడ్డను పోలీసు చేతికి ఎందుకు పోనిచ్చాడు? చదువుకున్నదంతా ఏ గంగలో కలిసింది?

పన్నెండు కొట్టింది. గేటు దగ్గర ఒక ఆడమనిషి నిలబడి ఉంది. లేయా ఆమె చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"నాగమణండి, యలమంద భార్య. నిన్నటి నుంచి మెతుకు ముట్టలేదు," అంది లేయా.

"అన్నం తరవాత," అంది నాగమణి. ఏడుపు లేదు ఆ గొంతులో, ఎండిపోయింది. "బాబూ, నేను చెప్పాల్సింది ఒకటుంది. ఇక్కడ చెప్పను. కోర్టులో ఆ పెద్ద దొర ముందే చెబుతా. నా మొగుడు చెప్పకూడని చోట చెప్పి చచ్చాడు."

సాంబయ్య ఇంకేమీ అడగలేదు. గంగాధరం జట్కా కట్టించాడు. సుబ్బాయమ్మ ఎవరూ పిలవకుండానే ఎక్కి కూర్చుంది. "నేను చూసింది నేనే చెబుతా. పోనియ్యి!" అని జట్కావాణ్ణి కసిరింది.

నూజివీడు కోర్టు వరండా చేరేసరికి రెండుకు పది నిమిషాలు తక్కువ. రత్నబాబును బోనులో నిలబెట్టారు. నారాయణరావు ఒక్కడే ఉన్నాడు.

"వెంకటరమణ ఏడీ?" సాంబయ్య అతని దారికి అడ్డం నిలబడ్డాడు.

"తప్పించుకున్నాడు. రెడ్డిగూడెం తోటల్లోకి దూకాడు." నారాయణరావు కనురెప్ప ఆడలేదు. "ఆ రుమాలు కూడా లాక్కుపోయాడు. ఏం చేస్తాం, ఖర్మ."

మేజిస్ట్రేటు కళ్ళజోడు సర్దుకుని అడిగాడు. "రత్నబాబూ, నీ అజాగ్రత్త వల్ల మనిషి చనిపోయాడని ఒప్పుకుంటున్నావా? నిన్ను ఎవరూ బలవంతం చెయ్యలేదు కదా?"

రత్నబాబు వాచిన చేతిని ఎడమ చేత్తో పట్టుకుని, గుమ్మం వైపు చూశాడు. లేయా ఉంది. స్టేషనులో కాదు, ఇక్కడ, పదిమందిలో, నిటారుగా. ఆమె పక్కన సాంబయ్య, గంగాధరం, ముసలమ్మ.

"ఒప్పుకోనండి."

నారాయణరావు గిరుక్కున తిరిగాడు.

"ఒప్పుకోనండి," అన్నాడు రత్నబాబు మళ్ళీ, ఈసారి గట్టిగా. "బలవంతం చేశారు. ఇదిగోండి చెయ్యి. నేను కట్టిన వైరుకి టంకం ఉందండి. వెళ్ళి చూసుకోండి."

ఎవరూ ఆపేలోపు నాగమణి ముందుకు నడిచింది. బంట్రోతు అడ్డొస్తే పక్కకు నెట్టేసింది.

"ఎవరమ్మా నువ్వు?"

"చచ్చిపోయినోడి పెళ్ళాన్ని దొరా. ప్రమాణం చేయించండి, చెబుతా." ప్రమాణం చేసింది. "ఆ కారులో కాయల గంపల కింద పెట్రోలు డబ్బాలు పోతున్నాయి. తిరువూరు దాటి నైజాంలోకి. ఇప్పుడు అటు పెట్రోలు పోకూడదంట కదా, అందుకే అక్కడ బంగారం రేటంట. బండి ఆపిన చోటల్లా నా మొగుడే హ్యాండిల్ తిప్పాలి గదా, అన్నీ చూశాడు. మనం తినే ఉప్పు గంగాధరం గారిది, ఆయన పేరు పోతుందే అని వారం రోజులు కుమిలి, సోమవారం పొద్దున్న వెళ్ళి పోలీసుకి చెప్పొచ్చాడు. ఇంకెవరికీ చెప్పలేదు, నాకూ ఈయనకీ తప్ప." చెయ్యెత్తి నారాయణరావును చూపించింది. "మంగళవారం బటన్ పని మొదలైంది. గురువారం నా మొగుడు చచ్చాడు. వెంకటరమణ బాబుకి ఈ మాట ఎవరు మోశారో మీరే అడగండి."

కోర్టు హాలు గగ్గోలెత్తింది. మేజిస్ట్రేటు బల్ల చరిచాడు. ఆ గోలలో సాంబయ్య చూపు మాత్రం నారాయణరావు మీదే ఉంది. అతడు నాగమణి వైపు చూడటం లేదు. ఆమె ఏ తోవన ఇంటికి వెళుతుందో లెక్కవేసుకుంటున్నవాడిలా గుమ్మం వైపు చూస్తున్నాడు. నడుముకు పిస్తోలు ఇంకా అలాగే ఉంది. బయట జీపు ఇంజను ఆపకుండానే ఉంది. ఆ రోజు నుంచి నాగమణి ఒంటరిగా అడుగు వెయ్యకూడదని సాంబయ్య అక్కడే నిశ్చయించుకున్నాడు.

ఆ తరువాత ఈ వ్యవహారాన్ని కొందరు పెట్రోలు కేసన్నారు, కొందరు బటన్ కేసన్నారు. పత్రికలో సబిన్‌స్పెక్టరు పేరు పడింది, వర్తకుడి పేరు పడింది, చివరికి కారు మోడలు కూడా పడింది. చనిపోయిన మనిషి గురించి 'ఒక కూలీ' అని మాత్రం వేశారు. ఈ పుస్తకం చదివేవారికి ఒక మనవి. ఎవరు పట్టుబడ్డారో, ఎవరు తప్పించుకున్నారో మరిచిపోయినా ఫరవాలేదు. యజమాని పరువు కోసం వారం రోజులు కుమిలి, చివరికి నిజం చెప్పడానికి ఒక్కడే కాలినడకన స్టేషనుకు వెళ్ళినవాడు ఒకడున్నాడు. అతని పేరు యలమంద. దయచేసి గుర్తుంచుకోండి.